కోళ్ల జాలీ గొడుగు, నడిసముద్రంలో ట్రాన్సిస్టర్: తరంగాల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో పాత రేడియో లైసెన్సుల సంగతి రాశాను. ఏటా పోస్టాఫీసుకు వెళ్లి చిన్న పుస్తకంలో స్టాంపు వేయించుకోవడం, తనిఖీకి వస్తున్నారని తెలిస్తే రేడియోని ధాన్యం గాదెలోకి దించేయడం, అవన్నీ. దాంతో ఉత్తరాలే ఉత్తరాలు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఆకాశవాణిలో ట్రాన్స్‌మిటర్ల దగ్గర పనిచేసి రిటైరై, ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాను. స్టూడియోలో కూర్చున్న వాళ్ల గొంతులు మీకు తెలుసు. ఊరి బయట పొలాల మధ్య ఆ గొంతుల్ని గాలిలోకి పంపే మమ్మల్ని ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు అడుగుతున్నారు, అందుకని కాస్త వివరంగానే చెబుతాను. సంపాదకులు కత్తెర వేస్తే నా తప్పు కాదు.

మాది మహబూబ్‌నగర్ జిల్లా పల్లెటూరు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు మా బడి దగ్గర కోళ్ల జాలీతో చేసిన పెద్ద గొడుగును ఆకాశం వైపు తిప్పి నిలబెట్టారు. లోపల టీవీ. సాయంత్రం ఊరంతా అక్కడే. కొన్నాళ్లకు అంతా మాయమైపోయింది. మా పిల్లలకు చెబితే, అప్పటికి హైదరాబాద్‌లోనే టీవీ లేదు, మీ ఊళ్లో ఎక్కడిది అని నవ్వుతున్నారు. నేనేమైనా కలగన్నానా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, సికింద్రాబాద్

కల కాదండీ. మీరు చూసింది నిజం, మీ పిల్లలు చెప్పిందీ నిజమే. హైదరాబాద్‌లో దూరదర్శన్ మొదలైంది 1977లో. మీ ఊరికి టీవీ వచ్చింది 1975 ఆగస్టు 1న. రాజధాని కంటే మీరు రెండేళ్లు ముందు.

దాని పేరు సైట్. ఉపగ్రహం ద్వారా పల్లెలకు నేరుగా టీవీ చూపించి, చదువు, వ్యవసాయం, ఆరోగ్యం గురించి చెబితే ఎలా ఉంటుందో చూద్దామని ఇస్రో చేసిన ప్రయోగం. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఈ ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు ఎంచుకున్నారు. ఉపగ్రహం మనది కాదు. నాసా వాళ్ల ఏటీఎస్-6ని ఏడాది పాటు అరువు తెచ్చుకున్నాం. తూర్పు ఆఫ్రికా పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలబడి అది మన వైపు చూస్తూ ఉండేది.

మీ జాలీ గొడుగు సంగతి ఇక్కడుంది. అంత దూరం నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది. దాన్ని పట్టాలంటే కింద పెద్ద ఖరీదైన డిష్ ఉండాలి, లేదా పైన ఉపగ్రహానికే పెద్ద డిష్ ఉండాలి. ఏటీఎస్-6కి ముప్పై అడుగుల డిష్ ఉంది. రాకెట్‌లో మడిచి తీసుకెళ్లి పైన పువ్వులా విప్పారు. బరువంతా అది మోసింది కాబట్టి కింద మీకు పదడుగుల కోళ్ల జాలీ సరిపోయింది. వాడిన ఫ్రీక్వెన్సీ 860 మెగాహెర్ట్జ్. అంటే తరంగం పొడవు ముప్ఫై అయిదు సెంటీమీటర్లు. జానెడు పైన ఉన్న తరంగానికి అంగుళం సందున్న జాలీ కూడా గోడలాగే కనిపిస్తుంది, తగిలి వెనక్కి వస్తుంది. అదే ఈ రోజు మీ మేడ మీద ఉన్న డీటీహెచ్ డిష్‌ని జాలీతో చేస్తే పనికిరాదు. దాని తరంగం రెండున్నర సెంటీమీటర్లే, సందుల్లోంచి జారిపోతుంది.

ఒక బొమ్మతో పాటు రెండు భాషల్లో మాట పంపే వీలు కూడా అందులో పెట్టారు. అదే బొమ్మకు ఒకచోట తెలుగు, ఇంకోచోట కన్నడం. కొలంబోలో ఒక ఇంటి మీద కూడా ఇలాంటి సెట్టు బిగించి వచ్చారు మన ఇంజనీర్లు. ఆ ఇల్లు ఆర్థర్ క్లార్క్‌ది. ఉపగ్రహాన్ని అలా ఒకేచోట నిలబెట్టి కబుర్లు పంపవచ్చని 1945లోనే వ్యాసం రాసిన మనిషి.

1976 జులై 31తో గడువు తీరింది. ఉపగ్రహాన్ని నాసా వెనక్కి జరుపుకుంది. మీ ఊళ్లో టీవీ పాడవలేదు, మాట్లాడేవాడే వెళ్లిపోయాడు. ఆ తర్వాత టీవీ మళ్లీ మామూలు దారిలోనే వచ్చింది. పట్నంలో టవరు, దాని చుట్టూ అరవై డెబ్బై కిలోమీటర్లు, అవతల చీకటి. అందరికంటే చివర రావలసిన ఊరికి అందరికంటే ముందు వచ్చిన ఆ ఒక్క ఏడాదిని తలచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటగానూ ఉంటుంది, కాస్త కోపంగానూ ఉంటుంది. మీ పిల్లల్ని కూర్చోబెట్టి ఈ పేజీ చదివించండి.

నా చిన్నతనంలో రేడియో సిలోన్ తెలుగు పాటలు, మీనాక్షి పొన్నుదురై గారి గొంతు ఎంత స్పష్టంగా వినిపించేవో! సముద్రం అవతలి స్టేషన్ అంత బాగా ఎలా వచ్చేది? ఇప్పుడు అదే రేడియో పెడితే మన స్టేషను కూడా గరగరమంటోంది. రేడియో ముసలిదైందా, నా చెవులా?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, రేపల్లె

మీ చెవులకేమీ కాలేదు మేడమ్. నేరం మీ హాల్లోని ఎల్‌ఈడీ బల్బుది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

సిలోన్ వాళ్లు వాడింది షార్ట్‌వేవ్. ఈ తరంగం నేల పట్టుకుని పాకదు. పైకి వెళ్లి, వందల కిలోమీటర్ల ఎత్తులో ఎండ తాకిడికి విద్యుదావేశం పొందిన గాలి పొరకు తగిలి కిందికి వంగుతుంది. బంతి గోడకు కొట్టినట్టు, పక్కన పడదు, దూరంగా పడుతుంది. కొలంబోకీ మనకీ ఇంచుమించు వెయ్యి కిలోమీటర్లు. ఆ బంతి పడటానికి సరిగ్గా సరిపోయే దూరం. పైగా వాళ్ల చేతిలో ఉన్నది మామూలు ట్రాన్స్‌మిటర్ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియాలోని సైనికుల కోసం బ్రిటిష్ వాళ్లు కొలంబో దగ్గర ఎకలలో పెట్టిన 100 కిలోవాట్ల సరుకు. యుద్ధం అయిపోయింది, యంత్రం మిగిలింది. సైనికులకు బదులు మనం విన్నాం.

ఇంకో కారణం కూడా ఉంది, అది మన వాళ్ల పుణ్యం. 1952లో సమాచార మంత్రిగా వచ్చిన కేస్కర్ గారికి సినిమా పాటలంటే పడదు. ఆకాశవాణిలో వాటికి దాదాపు తలుపులు వేశారు. శ్రోతలు బతిమాలలేదు, ధర్నాలు చేయలేదు, ముల్లు సిలోన్ వైపు తిప్పేశారు. అయిదేళ్లు చూసి, ఇక లాభం లేదని 1957 అక్టోబరు 3న సినిమా పాటల కోసం వివిధ భారతి పెట్టారు. తరంగానికి సరిహద్దు చెక్‌పోస్టు ఉండదని ఢిల్లీకి అర్థమవడానికి అయిదేళ్లు పట్టిందన్న మాట.

మన స్టేషన్ల మీడియం వేవ్ కథ వేరు. అది పగలు నేలను అంటుకుని పోతుంది. తడి నేల అయితే ఇంకా బాగా పోతుంది. అందుకే మా ట్రాన్స్‌మిటర్లు వరి పొలాల మధ్య ఉంటాయి. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్‌కి తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. అందులో పావు వంతు, అంటే తొంభై మీటర్ల ఇనప స్తంభం ఉంటే బాగా పాడుతుంది. చాలామంది ఆ స్తంభం మీద ఏదో యాంటెన్నా ఉంటుందనుకుంటారు. స్తంభమే యాంటెన్నా. పింగాణీ దిమ్మ మీద నిలబడి ఉంటుంది, నేలను తాకదు. దాని అడుగు నుంచి చుట్టూ సూర్యకిరణాల్లా రాగి తీగలు భూమిలో పాతి ఉంటాయి. నా సర్వీసులో ట్రాన్స్‌మిటర్ కాలిపోయిన రోజుల కంటే రాత్రి పూట ఆ రాగి తీగలు తవ్వుకుపోయిన రోజులే ఎక్కువ. తీగ పోయిందని మాకు ఎలా తెలిసేదనుకున్నారు? మీటరు చూసి కాదు. ఏ మూల నుంచో ఒక శ్రోత కార్డు ముక్క రాసేవాడు, "నాలుగు రోజులుగా మీ గొంతు నీరసంగా ఉంది, ఒంట్లో బాగుందా" అని.

కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు నేను ఒక విద్య చూపించేవాడిని. చీకటి పడ్డాక చేతిలో ఉత్త ట్యూబులైటు పట్టుకుని స్తంభం కంచె దగ్గర నిలబడితే, తీగ లేకుండానే వెలిగేది. ఎవరైనా భయపడేవాళ్లు. వెలుగుతున్నది వార్తలని నేను చెప్పేవాడిని. (మీరు చేయకండి. కంచె ముట్టుకుంటే చర్మం కాలుతుంది. నా కుడి చేతి చూపుడు వేలు సాక్షి.)

ఇక గరగర. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్, సెట్‌టాప్ బాక్సు, ఇవన్నీ లోపల కరెంటును సెకనుకు వేలసార్లు కోస్తూ, కలుపుతూ పనిచేస్తాయి. ఆ కోతల చప్పుడు సరిగ్గా మీడియం వేవ్ ఉన్నచోట పడుతుంది. ఈసారి కరెంటు పోయినప్పుడు బ్యాటరీలతో రేడియో పెట్టి చూడండి. లేదా డాబా మీదికి తీసుకెళ్లండి. రేడియోని నిలబడ్డ చోటే మెల్లగా చుట్టూ తిప్పండి. లోపల నల్లటి కడ్డీ ఒకటి ఉంటుంది, అది స్టేషన్ వైపు అడ్డంగా తిరిగినప్పుడు మాట తేటగా వస్తుంది. మీ నాన్నగారు రేడియోని ఎప్పుడూ ఒకే కిటికీలో, ఒకే వాలుగా పెట్టేవారా? అదే కారణం, వాస్తు కాదు.

5జీ టవర్ల వల్ల పిచ్చుకలు చచ్చిపోతున్నాయట, నిజమేనా?
– ఇంటర్ విద్యార్థి, నంద్యాల

కాదు బాబూ. పిచ్చుకలు కనిపించకపోవడం 5జీ రాకముందు నుంచే ఉంది. పెంకుటిళ్లు పోయాయి, చూరులు పోయాయి, వాకిట్లో వడ్లు ఆరబోసే వాళ్లు లేరు. గూడుకూ తిండికీ చోటు లేని పక్షి ఎక్కడుంటుంది? ఈ తరంగాలకు అణువుల్ని విడగొట్టేంత శక్తి లేదు. వాట్సాప్‌లో ఈ మాట చెప్పే వీడియో మాత్రం 4జీ మీద ఎంత వేగంగా తిరిగిందో నేను కళ్లారా చూశాను, మా ఇంటి గ్రూపులో ఒకే పూట మూడుసార్లు వచ్చింది.

మా నాన్న ఓడరేవు నుంచి వేటకు వెళతాడు. కాస్త దూరం పోగానే ఫోన్ పనిచేయదు. ఇప్పటికీ పాత ట్రాన్సిస్టర్ పట్టుకెళతాడు. ఇంత టెక్నాలజీ ఉంది కదా, టవర్ పవర్ పెంచి సముద్రంలోకి సిగ్నల్ ఇవ్వలేరా? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మీరున్న ప్రదేశం చెప్పండి" అంటారు. బంగాళాఖాతం అని చెప్పమంటారా?
– డిగ్రీ విద్యార్థిని, చీరాల

చెప్పు తల్లీ, ఆ కంప్లయింటు నంబరు ఏమిచ్చారో నాకూ పంపు.

మీ నాన్న చేస్తున్న పని సరైనదే. టవర్ పవర్ ఎంత పెంచినా ఉపయోగం లేదు, ఎందుకంటే ఫోను రేడియో కాదు. రేడియో వింటే చాలు. ఫోను వినాలి, మళ్లీ జవాబు చెప్పాలి. టవరు అరవగలదు. మీ నాన్న జేబులోని 4జీ ఫోను మాత్రం వాట్‌లో అయిదో వంతు శక్తితో మాట్లాడుతుంది. వినిపించినా జవాబు చేరదు, చేరకపోతే కాల్ లేదు.

పాత 2జీ ఫోన్లలో ఇంకో తమాషా ఉండేది. ఒకే ఫ్రీక్వెన్సీని ఎనిమిది మంది వంతులవారీగా పంచుకుంటారు. నీ వంతు వచ్చినప్పుడే నీ మాట టవరుకు చేరాలి. దూరం పెరిగితే మాట ఆలస్యంగా వచ్చి పక్కవాడి వంతులో పడుతుంది. దాన్ని సర్దడానికి ఒక లెక్క పెట్టారు, ఆ లెక్క 35 కిలోమీటర్లకు అయిపోతుంది. సిగ్నల్ గీతలు నిండా ఉన్నా 36వ కిలోమీటరులో ఫోను మూగది. భూమి వంపు సరేసరి. నలభై మీటర్ల టవరుకు ముప్ఫై కిలోమీటర్ల దగ్గర సముద్రమే అడ్డమొస్తుంది.

మీడియం వేవ్‌కి ఈ బాధ లేదు. పొడవాటి తరంగం కాబట్టి వంపు వెంట వంగుతుంది. ఉప్పు నీళ్లు దానికి సిమెంటు రోడ్డు లాంటివి, నేల మీద కంటే చాలా దూరం పోతుంది. ఎఫ్ఎం ఎప్పుడో ఆగిపోయిన చోట కూడా మీ నాన్న ట్రాన్సిస్టర్ మాట్లాడుతుంది. ఇప్పుడు దేశంలో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా మూసేస్తున్నారు. ఎఫ్ఎం నాణ్యంగా ఉంటుంది, కరెంటు తక్కువ తింటుంది, వినేవాళ్లు అక్కడే ఉన్నారు అంటారు. అన్నీ నిజాలే. అయితే ఈ లెక్కలు వేసే గదిలో వేటకు వెళ్లేవాడు ఒక్కడు కూడా కూర్చోడు.

ఫోన్ వల్ల మేలేమీ లేదని నేననను. 1997 నుంచి 2001 మధ్య ఉత్తర కేరళ తీరంలో టవర్లు లేచాయి. వాటిని రోడ్ల మీద ఊళ్ల కోసం పెట్టారు, సముద్రంలోకి ఇరవై పాతిక కిలోమీటర్లు సిగ్నల్ పోవడం కొసరుగా దొరికింది. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త అక్కడ కూర్చుని లెక్క రాశాడు. ఫోన్లు రాకముందు ఒక ఉదయం వడకర దగ్గర పదకొండు పడవల వాళ్లు కొనే దిక్కు లేక చేపలు నీళ్లలో పారబోశారు. అదే ఉదయం, పదిహేను కిలోమీటర్ల లోపు ఇరవై ఏడు మంది కొనుగోలుదారులు చేపలు దొరక్క ఉత్త చేతులతో వెళ్లారు. ఫోన్లు వచ్చాక పడవలోంచే రేవులకు ఫోన్ చేసి, ఎక్కడ ధర ఉంటే అక్కడికి తిప్పేవాళ్లు. పారబోయడం దాదాపు ఆగిపోయింది. జాలరుల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. ఒక్క చేప కూడా అదనంగా పుట్టలేదు, కబురు మాత్రమే పుట్టింది.

ఇప్పుడు మీ నాన్నకు ఏం చేయాలి? పడవలో వీహెచ్‌ఎఫ్ సెట్టు, అంటే పడవల మధ్య మాట్లాడుకునే వైర్‌లెస్, ఉంటే 16వ చానెల్ ఆపదకు. పడవకూ పడవకూ పదిహేను కిలోమీటర్ల దాకా అందుతుంది, ఆపదలో ఉన్నవాడికి అది తక్కువేం కాదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు చేపలు ఎక్కడ ఉండవచ్చో, అలలు ఎంత ఎత్తు ఉంటాయో రోజూ చెబుతారు. 2019లో ఉపగ్రహం నుంచి ఆ కబురు పట్టుకుని ఫోనుకు అందించే చిన్న పెట్టె ఒకటి తెచ్చారు, కానీ అది వినడానికే, తిరిగి చెప్పడానికి లేదు. ఇప్పుడు ఇస్రో తయారు చేసిన ట్రాన్స్‌పాండర్లు లక్ష పడవలకు బిగించే పథకం నడుస్తోంది. వాటితో టవర్లు లేకుండా రెండు వైపులా చిన్న చిన్న మెసేజ్‌లు పంపుకోవచ్చు. మీ ఊళ్లో మత్స్యశాఖ వాళ్లను అడిగి పేరు రాయించమ్మా. అది వచ్చినా ట్రాన్సిస్టర్ పారేయొద్దు.

వాన పడితే డిష్ టీవీ ఆగిపోతుంది. కేబుల్ ఆగదు. ఎందుకు?
– గృహిణి, హనుమకొండ

పైన చెప్పిన రెండున్నర సెంటీమీటర్ల తరంగమే. వాన చినుకులు దాన్ని మింగేస్తాయి. నల్లమబ్బు డిష్ చూస్తున్న వైపు ఉంటే మీ ఇంటి మీద చుక్క పడకముందే సీరియల్ ఆగుతుంది. పదిహేను నిమిషాలు ఓపిక పట్టండి, మెకానిక్‌ని పిలిచి మూడొందలు ఇవ్వకండి.

గాలిని ప్రభుత్వం ఎలా వేలం వేస్తుంది సార్? అది ప్రభుత్వానిదని ఎవరు చెప్పారు? వైఫైకి ఎందుకు డబ్బు కట్టక్కర్లేదు?
– పోటీ పరీక్షల అభ్యర్థి, అశోక్‌నగర్, హైదరాబాద్

పరీక్షకు పనికొచ్చే ప్రశ్న, జాగ్రత్తగా రాసుకో.

ప్రభుత్వానిది కాదనే సుప్రీంకోర్టు చెప్పింది. 1993లో హీరో కప్ క్రికెట్‌ను ఎవరు ప్రసారం చేయాలని దూరదర్శన్‌కూ బెంగాల్ క్రికెట్ సంఘానికీ పేచీ వచ్చింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజల మేలు కోసం ఒక స్వతంత్ర సంస్థ అదుపులో ఉంచాలని అందులో ఉంది. ఆ ధర్మాసనంలో ముగ్గురు. అందులో విడిగా తీర్పు రాసిన వారు మన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి గారు. అప్పటికి నడుస్తున్నది 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టమే. క్రికెట్ పుణ్యమా అని గాలికి పట్టాదారు ఎవరో తేలింది.

ఆస్తి ప్రజలదైనప్పుడు దాన్ని తోచిన వాళ్లకు తోచిన ధరకు ఇవ్వకూడదు కదా. ఆ మాట మీదే 2012 ఫిబ్రవరి 2న 122 టెలికాం లైసెన్సులు రద్దయ్యాయి. 2022లో 5జీ వేలంలో రూ. 1,50,173 కోట్లు వచ్చాయి.

పేపర్లలో ఈ కోట్లే వేస్తారు. నేను చూసేది ఏ బ్యాండ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీల వరస, ఎవరు కొన్నారన్నది. 700 మెగాహెర్ట్జ్ తరంగం గోడల్లోంచి దూరుతుంది, దూరం పోతుంది, పల్లెలకు అది బంగారం. ధర మరీ ఎక్కువ పెట్టడంతో 2016లో, 2021లో ఒక్కరూ కొనలేదు. ఆరేళ్లు అది ఖాళీగా పడి ఉంది. స్పెక్ట్రమ్, అంటే వేలం వేసే ఈ తరంగాలు, నిల్వ ఉంచితే పెరిగే సరుకు కాదు. నిన్న వాడని తరంగం నిన్నటితోనే పోయింది. 26 గిగాహెర్ట్జ్ సంగతి దీనికి తలకిందులు. పెద్ద రోడ్డంత వెడల్పు, కానీ వేపచెట్టు ఆకులు అడ్డొస్తే ఆగుతుంది. స్టేడియానికి పనికొస్తుంది, మా అత్తగారి ఊరికి పనికిరాదు. కొండ అవతలి తండాకు నెట్ వస్తుందా రాదా అన్నది చాలావరకు ఈ అంకెల్లోనే ఉంది.

వైఫై కథ సరదాగా ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే మైక్రోవేవ్ ఓవెన్లు పనిచేస్తాయి. వంటింటి రొద ఉన్న చోట ఎవరు డబ్బు పెట్టి కొంటారు? పనికిరాని పోరంబోకులా వదిలేశారు. మన దేశంలో 2005లో లైసెన్సు అక్కర్లేదన్నారు. తీరా చూస్తే ఆ పోరంబోకులోనే ఊరంతా ఇళ్లు కట్టుకుంది.

మా మండలంలో పది మందిమి కలిసి సొంత రేడియో పెట్టుకోవాలని ఉంది. వీలవుతుందా? మా ఊరి వార్తలు చదవొచ్చా?
– మహిళా సంఘం సభ్యురాలు, జహీరాబాద్ మండలం

అమ్మా, మీ పక్కనే ఉంది, వెళ్లి చూసి రండి. మాచ్‌నూర్‌లో సంఘం రేడియో. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలది. 2008 అక్టోబరు 15న మొదలైంది, 90.4 మెగాహెర్ట్జ్. నడిపేది చిన్న రైతు కుటుంబాల దళిత మహిళలు. మొదటి నుంచీ మైకు ముందున్న ఇద్దరి పేర్లూ నర్సమ్మే. గుర్తుకోసం ఒకరిని జనరల్ నర్సమ్మ, ఇంకొకరిని ఆల్గోల్ నర్సమ్మ అంటారు. కొర్రలు, జొన్నలు, విత్తనాలు, పండగ పాటలు, అన్నీ మీ మెదక్ మాటలోనే.

1998 నాటికే వాళ్ల దగ్గర స్టూడియో ఉంది, రికార్డింగులు ఉన్నాయి. లేనిదల్లా గాలిలోకి వదిలే అనుమతి. పదేళ్ల పాటు క్యాసెట్లు సంఘం మీటింగులకు మోసుకెళ్లి టేప్‌రికార్డర్ మీద వినిపించారు. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా అనుమతి ఇవ్వొచ్చని నిబంధనలు మారాక గానీ ఆ తలుపు తెరుచుకోలేదు.

మీకు ఇచ్చేది 100 వాట్ల ప్రసార శక్తి, ముప్పై మీటర్ల స్తంభం. పది పన్నెండు కిలోమీటర్లు బాగా వినిపిస్తుంది, నేల చదునుగా ఉంటే ఇంకాస్త. కనీసం మూడేళ్లు పనిచేసిన రిజిస్టర్డ్ సంస్థ పేరుమీద అడగాలి. పది మంది స్నేహితులుగా వెళితే ఇవ్వరు.

వార్తలు మాత్రం చదవకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ని ఉన్నదున్నట్టు తిరిగి ప్రసారం చేయొచ్చు, అంతే. వాన కబురు, మార్కెట్ రేటు, కరెంటు కోత, పరీక్ష తేదీలు, జాతర, ఇవి వార్తల కింద లెక్క కాదు కాబట్టి చెప్పుకోవచ్చు. మీ ఊరి చెరువు తూము పగిలిందని చెప్పొచ్చు, ఎవరి వల్ల పగిలిందో చెబితేనే చిక్కు. అదే ముక్కను ఫోన్‌లో వీడియో తీసి యూట్యూబ్‌లో పెడితే అడిగేవాడు లేడు. నాకైతే ఈ నిబంధనకు అర్థం కనిపించదు. ఉన్నంతకాలం పాటించండి, లేకపోతే ఉన్న అనుమతి కూడా పోతుంది.

2023లో ఒకరోజు మా ఇంట్లో నాలుగు ఫోన్లూ ఒక్కసారిగా సైరన్‌లా మోగాయి. మా అత్తగారు భయపడి బీపీ మాత్ర వేసుకున్నారు. తర్వాత చూస్తే అది టెస్ట్ మెసేజ్ అట. సిమ్ తీసేసి ఉన్నవాళ్ల నంబరు కూడా వాళ్ల దగ్గర ఎలా ఉంది? దీన్ని ఎలా ఆపుకోవాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, విశాఖపట్నం

మీ నంబరు వాళ్ల దగ్గర అక్కర్లేదమ్మా. అదే దాని అందం. దాన్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. ఎస్సెమ్మెస్ అయితే పోస్ట్‌మ్యాన్ లాగా ఒక్కో ఇంటికీ వెళ్లి ఇవ్వాలి. తుపాను రోజున లక్ష మందికి పంపాలంటే చివరివాడికి అందేసరికి గాలివాన వెళ్లిపోతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో టవరు ఒక్కసారి అరుస్తుంది, దాని నీడలో ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి వింటాయి. లైన్లు బిజీగా ఉన్నా ఆగదు. ఒక విధంగా, సెల్ టవరు ఆ కాసేపు మా పాత రేడియో స్టేషన్‌గా మారిపోతుందన్న మాట. మీ ఫోన్లు ఆ రోజు జవాబు చెప్పలేదు, విన్నాయి.

అయితే టవరు నిలబడి ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మీ విశాఖలో ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. కరెంటు పోతే టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలే. రోడ్ల మీద చెట్లు పడితే డీజిల్ వెళ్లదు. కాబట్టి హెచ్చరిక ముందు రోజుకు ఫోన్, ఆ తర్వాతి రోజులకు బ్యాటరీ రేడియో, రెండూ ఇంట్లో ఉండాలని నా మాట.

ఆపుకోవడం అడిగారు. సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ అని వెతకండి. టెస్ట్ మెసేజ్‌లకు విడిగా బటన్ ఉంటే దాన్ని ఆపుకోండి. మిగతావి ముట్టుకోకండి. మీ అత్తగారికి ఆ చప్పుడు ఒకసారి మామూలుగా ఉన్న రోజున యూట్యూబ్‌లో వినిపించి, "ఇది వస్తే భయపడటం కాదు, నన్ను పిలవండి" అని చెప్పండి. వచ్చింది చదివి కూడా వినిపించండి.

చదివి వినిపించమని ఎందుకంటున్నానంటే, 1977 నవంబరు 19న నేను మా అక్క ఇంట్లో ఉన్నాను, కృష్ణకు ఇవతలి గట్టున, సముద్రానికి ఏడెనిమిది కిలోమీటర్లు. మాకు రేడియో ఉంది. ఊళ్లో మొత్తం మూడే రేడియోలు. తుపాను వస్తోందని విన్నాం. అందరం విన్నాం. తుపాను అంటే గాలీ వానా అనుకున్నాం, పశువుల్ని పాకలోంచి తోలి చెట్టు కింద కట్టాం, గడ్డివామి మీద తాళ్లు బిగించాం. నీళ్లు వస్తాయని, అవి మనిషి కంటే ఎత్తున వస్తాయని, ఆ విన్న మాటలో మాకు తట్టలేదు. అవతలి గట్టు దివిసీమలో ఏం జరిగిందో మాకు తెలియడానికి రెండు రోజులు పట్టింది, అది కూడా పడవలో వచ్చిన మనిషి నోటి మీదుగా.

మా బావ ఆ సాయంత్రం రేడియోని బియ్యం డబ్బాలో పెట్టి, మూత మీద గుడ్డ కట్టి అటక ఎక్కించాడు. నీళ్లు తీశాక దించితే పనిచేసింది. దాని తోలు కవరు మీద ఇప్పటికీ ఆ తవుడు వాసన ఉంది. రేడియో నా దగ్గరే ఉంది, సెల్స్ మార్చి నిన్న కూడా పెట్టాను.